కారు టాపు కింద పెళ్ళిచీర

“జెస్సీ! కారు లోపలి పాత గుడ్డ ఏదీ?”

షెడ్డులోంచి భర్త కేక వినపడగానే వంటింట్లో ఉప్మా కలుపుతున్న జెస్సీ ముసిముసిగా నవ్వుకుంది. ‘చూశారన్నమాట!’ అనుకుంది. తల్లికి కంటి ఆపరేషనని బాపట్లలో చెల్లెలింట్లో ఉండిపోయిన మనోహర్ ఆ ఉదయమే తెనాలి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కాఫీ తాగడమైనా కాకుండా కారు చూసొస్తానని షెడ్డులోకి వెళ్ళాడు. ఆ కారులోనే కదా వచ్చే వారం రేపల్లెలో జెస్సీ చెల్లెలు హిమబిందు పెళ్ళికూతురై చర్చికి వెళ్ళాలి! స్టవ్ కట్టేసి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ జెస్సీ వెళ్ళేసరికి మనోహర్ కారు తలుపు తీసి, లోపలికి తల దూర్చి పైకి చూస్తున్నాడు. పైన మీగడ రంగు కొత్త గుడ్డ ఎక్కడా ముడత లేకుండా బిగిసి ఉంది. మొగుడు మెచ్చుకుంటాడని పాపం ఆ పిచ్చిది ఎంత ఆశపడిందో!

“ఎలా ఉందండీ? మీకు చెప్పకుండా చేయించాను. సీటు కవర్లు కుట్టే ప్రేమ్ కుమార్ లేడూ, మన షెడ్డులోనే కూర్చుని కుట్టాడు...”

“పాత గుడ్డ ఏదని అడుగుతున్నాను!”

“ఆ పేలికలు మనకెందుకండీ? పట్టుకుపొమ్మన్నాను.”

మనోహర్ కారు మెట్టు మీద కూలబడిపోయాడు. తండ్రి పోయిన రోజున కూడా నలుగురిలో కన్నీరు పెట్టని మనిషి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. “ఏమైందండీ? చెప్పండి... నాకు భయమేస్తోంది!” అంది.

“అది మా అక్క చీర జెస్సీ... ఎస్తేరక్క పెళ్ళిచీర!”

ఆ కారు సంగతి కాస్త చెప్పాలి. అది టాపు వెనక్కి మడిచే పాతకాలపు కారు. మిషను ఆసుపత్రి దొరసాని డాక్టరమ్మ స్వదేశం వెళ్ళిపోతూ, తన దగ్గర కాంపౌండరుగా చేసిన ఆదాముగారికి దాన్ని ఇచ్చి వెళ్ళింది. ఆదాముగారంటే మనోహర్ తండ్రి. పైన నల్లటి కేన్వాసు, దాని కింద ఇనప కమ్మీలు, ఆ కమ్మీలు కళ్ళబడకుండా వాటి కింద ఒక లోపలి గుడ్డ... ఆ లోపలి గుడ్డే జెస్సీకి కంట్లో నలుసు. పసుపు కక్కి, వానచెమ్మకి మరకలు కట్టి, నడిమధ్యన సంచిలా వేలాడుతూ ఉండేది. టాపు మడిచే కారన్న మాటేగానీ కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ టాపు మడవగా ఆమె ఒక్కసారైనా చూడలేదు. అత్తగారు దేవకుమారమ్మ ప్రతి ఆదివారం గుడికి వెళ్తూ చెయ్యెత్తి ఆ గుడ్డని తడిమేది. చూపు మందగించిన మనిషి, పట్టుకోసం కాబోలు అనుకునేది జెస్సీ.

మనోహర్‌కి ఒక అక్క ఉండేదని, కామెర్లతో పోయిందని జెస్సీకి తెలుసు. అంతకు మించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మిగతాదంతా ఇప్పుడు మనోహర్ చెప్పాడు. పెళ్ళి దగ్గరపడి, తెల్ల పట్టుచీర కొని, శుభలేఖలు పంచాక ఆ పిల్ల మంచమెక్కిందట... ఏ కారులో గుడికి వెళ్ళాలో ఆ కారులోనే శవమై ఇంటికొచ్చిందట! ఉన్న ఫోటోలన్నీ కూతురితో పాటే శవపెట్టెలో పెట్టించేసిన దేవకుమారమ్మ, ఆ చీర దగ్గరికొచ్చేసరికి అందులో పెట్టలేకపోయింది. దాచమంటే వినలేదు. “ఒకసారి మూత వేశాను. మళ్ళీ పెట్టెలో పెట్టి మూత వెయ్యలేను” అందట భర్తతో. ఏం చెయ్యాలో తోచని ఆదాముగారు దాన్ని కారు టాపు కింద కుట్టించాడు. ఎస్తేరు ఆ కారులో వెళ్ళాలి కదా... అలాగైనా ప్రతి ఆదివారం గుడికి వస్తుందని! టాపు మడిస్తే చీర నలుగుతుందని ఆనాటి నుంచీ ఎవరూ మడవలేదు. తల్లి ముందు అక్క పేరెత్తవద్దని పిల్లలకి చెప్పాడు. అప్పుడు మనోహర్ హైస్కూల్లో చదువుతున్నాడు. ఆ మౌనం అతనికి అలవాటైపోయింది.

“మరి నాకెందుకు చెప్పలేదండీ? ఒక్కమాట చెబితే నేను...” అంది జెస్సీ.

“ముట్టుకోవద్దని అమ్మ నీతో చెప్పింది కదా జెస్సీ. ముట్టుకోవనుకున్నాను!”

నిజమే! కారు తీసుకెళ్ళమని తనంతట తానుగా అన్నది దేవకుమారమ్మే. “హిమబిందు నాకు పరాయిదా? మా కారులోనే పంపుదాం. ఎన్ని పువ్వులు కడతారో కట్టుకోండి. లోపలి గుడ్డ జోలికి మాత్రం వెళ్ళకండమ్మా” అంది. జెస్సీ తలూపింది. ముసలావిడ చాదస్తం అనుకుంది. గుంటూరు నుంచి వచ్చే మగపెళ్ళివారి ముందు తన చెల్లెలు ఆ వేలాడే గుడ్డ కింద కూర్చుంటే పుట్టింటి పరువేం కావాలి అనుకుంది. అత్తగారు ఊళ్ళో లేని అదను చూసి పని కానిచ్చేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మనోహర్ ఇంకోమాట అన్నాడు. “అమ్మ ఇన్నేళ్ళూ వద్దువద్దన్న ఆపరేషన్‌కి ఇప్పుడెందుకు ఒప్పుకుందో తెలుసా? పట్టీ విప్పాక డాక్టరుగారు ‘ముందెవర్ని చూస్తారమ్మా?’ అని అడిగితే, ‘ఇంటికెళ్ళి మా కారు చూసుకోవాలయ్యా. ఇన్నాళ్ళూ చేత్తో తడుముకున్నాను, ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలి’ అంది. ఆయనకేం అర్థమవుతుంది? నవ్వాడు...”

జెస్సీ గుండెల్లో అంతకన్నా పెద్ద ముల్లు ఒకటి అప్పటికే దిగి ఉంది. మొగుడితో కూడా అనలేని ముల్లు! ఆవేళ కుట్లు విప్పుతూ ప్రేమ్ కుమార్ పని ఆపి అడిగాడు. “అక్కా, ఇది మామూలు గుడ్డలా లేదండి. పట్టులా ఉంది. ఈ చివర జరీ అంచు కూడా ఉందండి. దాచమంటారా?” అని. ఆమె దగ్గరికి వెళ్ళి చూసింది కూడా! సన్నటి వెండి జరీ తళుక్కుమంది. ఎవరిదో, ఎందుకో అని ఒక్క క్షణం అనిపించింది... అనిపించినా, అడిగితే అత్తగారు పని ఆపిస్తుందన్న భయంతో “తీసెయ్యండి” అంది. తెలియక చేసిన తప్పుకి దేవుణ్ణి క్షమాపణ అడగొచ్చు. తెలుసుకోకూడదని కళ్ళు మూసుకుని చేసిన తప్పుకి ఏమని అడగాలి?

ఆ పూటే ప్రేమ్ కుమార్ షాపుకి పరుగెత్తింది. “అయ్యో అక్కా! కొత్తగుడ్డ మీద పరిచి కొలతకి కత్తిరించుకున్నాక పాతది పేలికల సంచిలో పడేశానండి. మా బావ యోబు రేపల్లెలో రైసుమిల్లు మిషన్లు బాగుచేస్తాడు. గ్రీజు తుడుచుకోడానికని ఆ సంచి పట్టుకెళ్ళాడండి” అన్నాడతను నొచ్చుకుంటూ.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని తెలిసినా రేపల్లె రైలెక్కింది జెస్సీ. ప్రతి పుట్టింటి ప్రయాణానికీ కిటికీ పక్కన కూర్చుని కోతలైన చేలూ కాలవలూ చూస్తూ మురిసిపోయే మనిషి, ఆ రోజు తలెత్తలేదు. ‘ప్రభువా, ఒక్క ముక్కైనా మిగల్చు... ఒక్క ముక్క!’ అని దారిపొడవునా వేడుకుంటూనే ఉంది.

యోబు మంచి మనిషి. “వందనాలక్కా!” అంటూ లేచి స్టూలు వేశాడు. సంగతి విని మొహం వాడ్చుకున్నాడు. “నూనె తుడిచిన గుడ్డ మళ్ళీ పనికిరాదక్కా, పొయ్యిలో వేసేస్తాం. చాలా మటుకు అయిపోయాయి...” అంటూ సంచి బోర్లించాడు. అందులో లేదు. ఆఖరికి మిషను వెనక మేకుకి వేలాడుతూ కనిపించింది ఒక్క పీలిక! మూరెడు కూడా ఉండదు. గ్రీజుతో నల్లగా జిడ్డోడుతోంది. గోటితో గీకితే ఒక పక్కన వెండి జరీ బయటపడింది. జెస్సీ దాన్ని గుండెలకి హత్తుకుని అక్కడే కూర్చుని ఏడ్చింది. కట్టుకున్న చీరంతా నూనె మరకలైంది. మిల్లు దగ్గర మనుషులంతా చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు.

ఆ వాలకంతో వచ్చిన కూతుర్ని చూసి పుట్టింట్లో అంతా హడలిపోయారు. విషయం తెలిశాక హిమబిందు “నా పెళ్ళి కోసమా అక్కా ఇదంతా? ఆ గుడ్డ ఎలా ఉంటే ఏంటి? నేను కారు చూసుకుని మురుస్తానా, చర్చిలో ఎదురుచూసేవాణ్ణి చూసుకుని మురుస్తానా!” అని తల కొట్టుకుంది. తల్లి కరుణమ్మ మాత్రం లోపలికి వెళ్ళి, పెట్టె తీసి, అడుగునున్న తన పెళ్ళిచీర తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. తెల్ల పట్టు. వెండి జరీ. పాతబడి లేత పసుపు తిరిగింది.

“ఇదీ ఇంచుమించు ఆ కాలందే. ఇది వేసి కుట్టించెయ్యి. వదినగారికి చూపు ఇప్పుడే కదా వచ్చింది, ఏం గుర్తుపడుతుంది? మనకి తప్పు, ఆవిడకి తృప్తి. తప్పు మనం మోసుకుందాంలే తల్లీ!”

“నీ పెళ్ళిచీరమ్మా... నాన్న గుర్తుగా దాచుకున్నావు!”

“మీ నాన్న నీ కాపురం కంటే చీర ఎక్కువనే మనిషి కాదులే.”

ఆ తల్లి త్యాగం చేతుల్లో పట్టుకుని తెనాలి వచ్చింది జెస్సీ. మనోహర్ చీరని చూశాడు. “కుట్టించేద్దాం జెస్సీ. అమ్మకి తెలీదు. తెలిసి ఏడిస్తే కంటికే ప్రమాదం. నెల్రోజులు కంట తడి పెట్టకూడదన్నారు డాక్టరుగారు” అన్నాడు. ఎంత సులువైన మార్గం! ఎవరికీ నష్టం లేదు. ప్రేమ్ కుమార్‌ని పిలిస్తే ఒక్క పూట పని. జెస్సీ కారులో కూర్చుని, అమ్మ చీరని విప్పి టాపుకి ఆనించి పట్టుకుంది. సరిగ్గా అమరింది కూడా. అత్తగారు ఇక్కడ కూర్చుంటుంది. కొత్త చూపుతో పైకి చూస్తుంది. “ఎస్తేరూ!” అంటుంది. పక్కన తను నిలబడి ఆ పిలుపు వినాలి! తన తల్లి చీరని పట్టుకుని, చచ్చిపోయిన కూతుర్ని పిలుస్తుంటే వింటూ... ప్రతి ఆదివారం వింటూ... జెస్సీ చేతులు వాటంతటవే కిందికి దిగిపోయాయి. చీర మడత పెట్టింది. ఆ నూనె పీలికని ఒక శుభ్రమైన తువ్వాల్లో చుట్టుకుని మర్నాడు బాపట్ల బండెక్కింది.

ఆడపడుచు ఇంటి వరండాలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది దేవకుమారమ్మ. కోడలి అడుగుల చప్పుడు వినగానే మొహం విప్పారింది.

“వచ్చావా అమ్మాయ్! నన్ను తీసుకెళ్ళడానికేనా? నేను సర్దుకునే ఉన్నాను. వీళ్ళు కదలనివ్వట్లేదు. కారు తుడిపించావా?”

జెస్సీ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏదో మొదలుపెట్టి ఏదో చెప్పింది. ఏడుపులో సగం మాటలు మింగేసింది. కానీ ఒక్కటీ దాచలేదు. జరీ అంచు చూసి కూడా తీసెయ్యమన్న సంగతితో సహా చెప్పేసి, తువ్వాలు విప్పి ఆ నల్లటి పీలికని ఆమె చేతిలో పెట్టింది.

దేవకుమారమ్మ కళ్ళద్దాలు తీసింది. పీలికని మొహానికి దగ్గరగా పెట్టుకుని ఇటూ అటూ తిప్పింది. గోటితో జరీని తడిమింది.

“ముట్టుకోవద్దన్నానా?”

“అన్నారత్తయ్యా.”

“విన్నావా?”

“విన్నాను...”

“విని, నీ చెల్లెలి పెళ్ళికి నా కూతురి చీర చింపించావా!”

“నన్ను కొట్టండత్తయ్యా! తిట్టండి! తిన్నింటి వాసాలు లెక్కపెట్టాను. ఏ శిక్ష వేసినా పడతాను...”

“డాక్టరు ఏడవొద్దన్నాడు” అంది దేవకుమారమ్మ. ఆ గొంతులో కోపం కంటే భయంకరమైనదేదో ఉంది. “ఏడవడానికి కూడా లేకుండా చేశావు కదే! వెళ్ళు. నా ఎదుట ఉండకు!”

ఆమె కళ్ళు మూసుకుని, పెదవులు బిగబట్టి, కన్నీటిని ఆపుకుంటోంది. కంటి కొసన నీటిబొట్టు నిలుస్తుందేమోనని కూతురు పరుగున వచ్చి తల పట్టుకుంది. “వదినా, వెళ్ళిపో... దయచేసి వెళ్ళిపో!” అంది. అంతకంటే ఏ చెప్పుదెబ్బా జెస్సీకి అక్కర్లేకపోయింది.

కారు పెళ్ళికి రాదని పుట్టింటికి చెప్పేసింది జెస్సీ. షెడ్డుకి తాళం వేసింది. చెల్లెలి పెళ్ళికి వెళ్ళక తప్పదు గనుక వెళ్ళింది. కొత్త చీర పెట్టెలోంచి తియ్యలేదు. “పెద్దల్లుడేడమ్మా?” అని చుట్టాలు అడుగుతున్నారు. మనోహర్ తెల్లారుతూనే “పని ఉంది, సమయానికి వస్తాను” అని ఫోన్ పెట్టేశాడు. తన మొహం చూడలేకే రావడం లేదని జెస్సీకి తెలుసు. అందరికీ టిఫిన్లు వడ్డిస్తూ, ఎవరూ చూడనప్పుడు చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉంది.

హిమబిందుకి ముసుగు సర్దుతుండగా వీధిలో కారు హారన్ మోగింది. ఆ హారన్ జెస్సీకి తెలుసు! ఆమె చేతిలో గుండుసూదుల డబ్బా జారిపోయింది. బయట, తెల్లచేమంతుల దండలు కట్టిన ఆ పాత కారు ఆగి ఉంది. స్టీరింగ్ దగ్గర మనోహర్. వెనక సీట్లో, కొత్త గుడ్డ కింద, నల్లకళ్ళద్దాలతో దేవకుమారమ్మ!

ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది. కరుణమ్మ ఎదురెళ్ళి “వదినా...” అని ఏదో అనబోయింది. “మాట ఇచ్చింది నేను వదినా. వెనక్కి తీసుకోడానికి మీ అమ్మాయెవరు?” అని దేవకుమారమ్మ నేరుగా పెళ్ళికూతురి గదిలోకి వెళ్ళింది. జెస్సీ తలుపు వారన ఒదిగి నిలబడింది.

అద్దం ముందు తెల్ల పట్టుచీరలో హిమబిందు. వెనక కొంగు సరిగ్గా ఉందో లేదోనని భుజం మీదుగా వెనక్కి తిరిగి చూసుకుంటూ, పెద్దావిడని చూసి బెదురుగా నవ్వింది.

దేవకుమారమ్మ అక్కడే ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసేసింది. “కదలకమ్మా... అలాగే... అలాగే ఉండు” అంది.

“అలాగే నిలబడింది! చీర కొన్న రోజున... పెళ్ళికి ముందే కట్టుకోకూడదే, అపశకునం అని తిట్టాను. వింటేనా! కట్టుకుని, ఇలాగే వెనక్కి తిరిగి నవ్వింది...” చప్పున మంచం మీద కూర్చుండిపోయింది. “జెస్సీ! ఎక్కడున్నావే?”

“ఇక్కడే ఉన్నానత్తయ్యా!” జెస్సీ వచ్చి కాళ్ళ మీద పడిపోయింది.

“లోకంలో ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను. నాకు దాని మొహం చెరిగిపోయిందే. ఫోటోలన్నీ దాంతో పంపేశాను కదా, కొన్నేళ్ళకి మొహం రావడం మానేసింది. కన్నతల్లిని... బిడ్డ మొహం మర్చిపోయానని ఎవరితో చెప్పుకోను? ఆ గుడ్డ తడిమితే వస్తుందేమోనని తడిమేదాన్ని. రాలేదు. కళ్ళు బాగై చూస్తే వస్తుందేమోనని ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. అంతలో నువ్వు...” ఆమె ఆగి, పెళ్ళికూతురి వైపు చూసింది. “ఇప్పుడొచ్చింది. ఇదిగో, ఇప్పుడు!”

“నన్ను క్షమించండత్తయ్యా!”

“కోపం పోయిందని అబద్ధమాడలేను. పోలేదు. ఆ పీలిక ఎంత ఉతికినా తెల్లబడలేదు... కానీ మీ అమ్మ తన చీర ఇచ్చిందట కదా. అది కుట్టించేసి ఊరుకుంటే నేను చచ్చేదాకా దాన్నే తడుముకుంటూ ఉండేదాన్ని. మనోహర్ కూడా సరేనన్నాడట, నువ్వే కాదన్నావట. వాడే చెప్పుకుని ఏడ్చాడు. అందుకని వచ్చాను.” ఆమె కోడలి తల మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఉంచి, తీసేసింది. “లే. పెళ్ళింట ఈ ఏడుపేంటి? మొహం కడుక్కుని మంచి చీర కట్టుకో. గుడికి టైమవుతోంది.”

కారులో పెళ్ళికూతురికి ఒక పక్కన తను కూర్చుని, రెండోపక్కన కోడల్ని కూర్చోమంది దేవకుమారమ్మ. మనోహర్ నడుపుతున్నాడు. రేపల్లె వీధుల్లో జనం ఆగి చూస్తున్నారు. మూలమలుపు తిరిగాక హిమబిందు మెల్లగా పెద్దావిడ చెయ్యి పట్టుకుని అడిగింది. “ఎస్తేరక్క ఎలా ఉండేది అత్తయ్యగారూ?”

మనోహర్ భుజాలు బిగుసుకున్నాయి. ఆవిడ ముందు ఆ పేరు పైకి అన్నవాళ్ళు అంతవరకూ లేరు.

“చామనచాయ” అంది దేవకుమారమ్మ. “నాకంటే పొడుగు. ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు. కోరస్‌లో అందరికంటే ముందే పాట ఎత్తుకునేది, పాస్టరుగారు నవ్వేవారు. వీడికి లెక్కలు చెప్తూ వీడి నెత్తి మీద మొట్టేది. మామిడికాయ ముక్కలు కారంతో తింటే ఊరుకునేదాన్ని కాదని గోడ చాటున తినేది. నవ్వితే ఎడం బుగ్గన సొట్ట పడేది...”

“కుడి బుగ్గనమ్మా” అన్నాడు మనోహర్ ముందుకే చూస్తూ.

“అవునురా, కుడి బుగ్గనే” అంది తల్లి. చెప్తూనే ఉంది.

జెస్సీ కిటికీ వైపు మొహం తిప్పుకుని వింటోంది. తాను ఎన్నడూ చూడని ఆ ఆడపడుచు, మామిడిముక్కలు తింటూ, పాట ఎత్తుకుంటూ, తమ్ముణ్ణి మొట్టుతూ ఆమె కళ్ళ ముందు మెల్లమెల్లగా మనిషైంది. తాను చింపించింది ఎవరి చీరో జెస్సీకి అప్పుడు తెలిసింది.